స్టాండింగ్ కమిటీలోకి వచ్చాను, ఈ అజెండా ఎలా చదవాలి?

డివిజన్_అక్క

అందరికీ నమస్కారం. మాది కోస్తాలో 50 డివిజన్ల కార్పొరేషన్. నేను మొదటిసారి కార్పొరేటర్‌ని. ఈ ఏడాది పార్టీవాళ్లు స్టాండింగ్ కమిటీకి నా పేరు పెట్టారు, గెలిచాను. పదిమందికి ఒకరు లెక్కన మేం ఐదుగురం, పైన మేయర్ గారు.

మొన్న మొదటి మీటింగ్. అజెండా ముందురోజు చీకటి పడ్డాక అటెండర్ ఇంటికి తెచ్చిచ్చాడు. రాత్రి పిల్లల హోంవర్కులు అయ్యాక తెరిచాను. డ్రెయిన్లు, కల్వర్టులు, షాపు గదుల లీజులు, ఔట్‌సోర్సింగ్ వాళ్ల కొనసాగింపు, వీధి దీపాలు, ట్యాంకర్ల అద్దె. సగం వాక్యాలు అర్థం కాలేదు. ఒక్కో సబ్జెక్టూ పేజీన్నర పొడవున ఒకే వాక్యం!

మీటింగ్ అరగంట కూడా జరగలేదు. సెక్రటరీ గారు నంబరు చదవడం, ఎవరో ఒకరు "ఆమోదం" అనడం, అంతే. టీ వచ్చే వేళకు ఇంకో కట్ట పంచారు, టేబుల్ అజెండా అట. అది చదవకుండానే అయిపోయింది. ఒక డ్రెయిన్ గురించి అడిగితే "అది టెక్నికల్ మేడమ్, ఎస్ఈ (సూపరింటెండింగ్ ఇంజినీర్) గారు చూశారు" అన్నారు.

నా అధికారం అసలు ఎంత? అజెండాలో ఏం చూడాలి? ఇంకోటి, మా వారిని కూడా మీటింగుకు తీసుకురమ్మని పార్టీలో అంటున్నారు. దానికి ఏం చెప్పాలి?

చౌరస్తా

టీ, సమోసా, సంతకం. స్టాండింగ్ కమిటీ అంటే ఇంతే అక్కా. పనులు ఎవరికి వెళ్లాలో ముందే తేలిపోయి ఉంటాయి. మీరు చదివినా అదే, చదవకపోయినా అదే.

పాతఫైలు

చౌరస్తా తమ్ముడూ, కౌన్సిల్ సెక్షన్లోనే తల నెరిసింది నాకు. నువ్వు చెప్పింది చాలా చోట్ల నిజమే. కానీ అడిగే మనిషి ఒకరుంటే సెక్షన్లో నోట్ రాసే తీరే మారిపోతుంది. అది కళ్లారా చూశాను.

మేడమ్, ముందు అధికారం సంగతి. మన కార్పొరేషన్లు నడిచేది ప్రధానంగా 1955 చట్టం మీద. అది హైదరాబాద్ కోసం చేసిన చట్టం, తరువాత విశాఖకూ విజయవాడకూ మిగతా నగరాలకూ వర్తింపజేశారు. అందులో మూడు పీఠాలు ఉన్నాయి: కౌన్సిల్, స్టాండింగ్ కమిటీ, కమిషనర్. ఫలానా మొత్తం వరకు కమిషనర్ మంజూరు చేస్తారు, ఆ పైన కమిటీ, ఇంకా పైన కౌన్సిల్, ఆ పైన ప్రభుత్వం. ఆ పరిమితులు జీవోలతో మారుతూ ఉంటాయి. మీ ఊళ్లో ఇప్పుడు ఎంత నడుస్తోందో అకౌంట్స్ సెక్షన్లో లిఖితపూర్వకంగా అడిగి తెచ్చుకోండి. బడ్జెట్ ముసాయిదా కూడా కౌన్సిల్‌కి వెళ్లేముందు మీ దగ్గరికే వస్తుంది. సినిమాల్లో చూపించే అరుపులన్నీ కౌన్సిల్లో. డబ్బు కదిలేది మీ గదిలో.

ఇక అజెండా. ఆ పొడుగు వాక్యాన్ని చూసి బెదరకండి. పెన్సిల్ పెట్టి నాలుగు చోట్ల గీత గీయండి. పని ఎక్కడ, డోర్ నంబర్ ఎంత నుంచి ఎంత వరకు. అంచనా ఎంత, అది ఏ తేదీన వేసింది. ఏ పద్దు నుంచి ఖర్చు, అంటే సాధారణ నిధులా, కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంటా. గ్రాంటులో టైడ్ భాగం, అంటే ఫలానా పనులకే అని కట్టేసిన డబ్బు, తాగునీటికీ పారిశుద్ధ్యానికే వాడాలి, దాంట్లోంచి రోడ్డు వేస్తుంటే అక్కడే ఆపి అడగొచ్చు. నాలుగోది చివరి లైను, "ఆమోదం కొరకు" అని ఉందా, "ధ్రువీకరణ కొరకు" అని ఉందా. ధ్రువీకరణ అంటే మా భాషలో రాటిఫికేషన్. అలా ఉంటే పని అప్పటికే మొదలైందని, కొన్నిసార్లు పూర్తయిపోయిందని అర్థం. మేయర్ ముందస్తు ఆమోదం తీసుకుని చేయించేసి, తరువాత మీ చేత ముద్ర వేయిస్తున్నారన్నమాట. వరదలప్పుడు మోటార్లు అద్దెకు తెచ్చారంటే అర్థముంది. పార్కు గేటుకు రంగు వేయడానికి అంత అత్యవసరం ఏముంటుంది?

టెండర్ పనులైతే ఇంకోటి చూడండి. మన దగ్గర అంచనా మీద 5 శాతం ఎక్సెస్ (ఎక్కువ) దాటకూడదు. అంచనా కంటే 25 శాతానికి మించి లెస్‌కి (తక్కువకి) వేస్తే, ఆ 25 శాతం దాటిన తేడాకు కాంట్రాక్టర్ బ్యాంకు గ్యారెంటీ లాంటిది కట్టాలి. ఒకే అజెండాలో పది పనులుండి, అన్నీ 4.9, 4.95 ఎక్సెస్ దగ్గర ఆగాయంటే, ప్రతి పనికీ ఇద్దరే బిడ్డర్లంటే, రింగయ్యారని, అంటే ముందే కూడబలుక్కున్నారని లెక్క. ఒకే రోడ్డును మూడు ముక్కలు చేసి ఈ-ప్రొక్యూర్‌మెంట్ (ఆన్‌లైన్ టెండర్) పరిమితికి కింద పెట్టారేమో కూడా చూడాలి. డోర్ నంబర్లు వరసగా కలిపి చదివితే దొరికిపోతుంది.

షాపు గదుల లీజుల దగ్గర మూడేళ్లకోసారి 33.33 శాతం పెంపు వేశారా, మొత్తం లీజు 25 ఏళ్లు దాటిందా చూడండి. ఆ సబ్జెక్టు ఎప్పుడూ అజెండా చివర్లో పెడతారు, అప్పటికి అందరికీ ఆకలేస్తుందని.

వార్డు_14

సార్, ఈ పోస్టు ప్రింట్ తీసి మా మున్సిపాలిటీలో గోడకి అంటించాలి.

జడ్పీ_బెంచి

నేను ఒకప్పుడు జడ్పీటీసీని. మాకు ఏడు స్థాయీ సంఘాలు. ప్రణాళిక-ఆర్థికం, గ్రామీణాభివృద్ధి, వ్యవసాయం, విద్య-వైద్యం, మహిళా సంక్షేమం, సాంఘిక సంక్షేమం, పనులు. ఒకటి, రెండు, నాలుగు, ఏడు చైర్‌పర్సన్ దగ్గర, మూడోది వైస్ చైర్‌పర్సన్ దగ్గర. అందరికీ ఏడోది కావాలి. వ్యవసాయం వద్దంటారు, నాకు అదే ఇచ్చారు.

ఏడూ ఒకే రోజు, ఒకే హాల్లో వరసగా. అధికారులు వచ్చి ప్రగతి నివేదిక చదువుతారు. ఒక ఖరీఫ్‌లో యూరియా నిల్వలు జిల్లాలో సరిపడా ఉన్నాయని అంకెలు చదివారు. నేను సొసైటీల వారీగా పట్టిక అడిగాను. నిల్వలు ఉన్నమాట నిజమే, కానీ అన్నీ రైలు దిగే స్టేషన్ చుట్టుపక్కల మండలాల్లోనే, మా ఏజెన్సీ మండలాల్లో సున్నా. ఆ పట్టిక చేతిలో ఉంది కాబట్టి వారంలో లారీలు కదిలాయి. ఊరికే "మాకు ఎరువులు లేవు" అని అరిచి ఉంటే "పరిశీలిస్తాం" అని రాసుకుని లేచిపోయేవారు. మేడమ్, ఎప్పుడూ మొత్తం అంకె కాదు, విడగొట్టిన అంకె అడగండి.

డివిజన్_అక్క

పాతఫైలు గారూ, ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. మీరు చెప్పినట్టే పెన్సిల్ పట్టుకుని పాత అజెండా మళ్లీ చదివాను. ధ్రువీకరణ అన్న మాట ఎన్నిసార్లు ఉందో!

నేను అడిగిన ఆ డ్రెయిన్ కమిటీలో వాయిదా పడి వచ్చేసారికి వస్తోంది. ఈలోగా మా వార్డు ఎమెనిటీస్ సెక్రటరీని (వార్డు సచివాలయంలో రోడ్లు, డ్రెయిన్లు చూసే ఉద్యోగి) తీసుకుని అక్కడికి వెళ్లాను. అది నా డివిజన్ కాదు, పక్కది. కాగితంలో "ఇరువైపులా సీసీ డ్రెయిన్ నిర్మాణం" అని ఉంది. ఒకవైపు డ్రెయిన్ ఇప్పటికే ఉంది, పగుళ్లు కూడా లేవు, పైన బండలు వేసి ఇళ్లవాళ్లు స్కూటర్లు పెట్టుకుంటున్నారు. రెండోవైపు మాత్రం మట్టి కాలువ, మురుగు నిలబడి దోమలు. అక్కడి పెద్దావిడ ఒకరు "కొలతలకి ఎవరూ రాలేదమ్మా, నువ్వే మొదలు" అంది. ఆ కాలువ చివర కల్వర్టు తూము ఈ వీధి రోడ్డు కంటే ఎత్తులో ఉంది. డ్రెయిన్ కట్టినా నీళ్లు వెనక్కే వస్తాయి కదా? ఇది ఎలా అడగాలి?

ఏఈ_మౌనం

నేను వేరే ఊళ్లో ఇంజినీరింగ్ సెక్షన్లో పనిచేస్తున్నాను, మా వైపు మాట కూడా వినండి.

ఒక ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) కింద పది పన్నెండు డివిజన్లు ఉంటాయి. నెల చివర "రేపటికల్లా ఎస్టిమేట్లు కావాలి, గ్రాంటు వెనక్కి పోతుంది" అని ఫోన్ వస్తుంది. అప్పుడు కొంతమంది పాత ఎస్టిమేట్ తీసి డోర్ నంబర్లు మారుస్తారు. తప్పే, కాదనను. అలాగే 4.9 ఎక్సెస్ అంటే ప్రతిసారీ రింగ్ కాదు సార్. బిల్లులు ఏళ్ల తరబడి పెండింగ్‌లో ఉంటే లెస్‌కి ఎవడు వేస్తాడు? వడ్డీ కలుపుకునే కోట్ చేస్తారు. కొన్ని పనులకు మూడుసార్లు టెండర్ పిలిచినా ఒక్కడూ రాడు.

మేడమ్, తూము సంగతి చాలా మంచి పాయింట్. "లెవెల్స్ తీశారా? తీస్తే ఎల్-సెక్షన్ డ్రాయింగ్ ఫైల్లో ఉందా?" అని అడగండి. ఎల్-సెక్షన్ అంటే కాలువ పొడవునా ఎత్తుపల్లాల కొలతలు (లెవెల్స్) చూపే బొమ్మ. ఈ ఒక్క ప్రశ్నకి "టెక్నికల్ మేడమ్" అని తప్పించుకోలేరు. లెవెల్స్ తీసి ఉంటే డ్రాయింగ్ ఉంటుంది, లేకపోతే లేదు.

చౌరస్తా

వడ్డీ కలుపుకుని అందరికీ 4.95 దగ్గరే లెక్క తేలుతుందా బ్రదర్? భలే లెక్క. మా ఊళ్లో అయితే

[ఇక్కడ ఒక కాంట్రాక్టర్ పేరు, ఒక ప్రజాప్రతినిధి పేరు ఉన్న రెండు వాక్యాలు తీసేశాం. పద్ధతుల గురించి ఎంతైనా మాట్లాడుకోండి, పేర్లు వద్దు. — నిర్వాహకులు]

కొచ్చిలో_మనోడు

ఉద్యోగరీత్యా కేరళలో ఉంటున్నాను. ఇక్కడ పంచాయతీ స్థాయిలోనే ఆర్థికం, అభివృద్ధి, సంక్షేమం, ఆరోగ్యం-విద్య అని నాలుగు స్థాయీ సంఘాలు. గెలిచిన ప్రతి మెంబరూ ఏదో ఒక దాంట్లో ఉండి తీరాలి. ఆర్థిక సంఘం అధ్యక్షత ఉపాధ్యక్షుడిది. దాంతో ఉపాధ్యక్ష పదవికి కూడా నిజమైన పని దొరికింది. మా ఇంటి ఓనరు మెంబరు, ప్రతిపక్షం. అయినా సంక్షేమ సంఘంలో పింఛను జాబితాలు ఆయనే చూస్తాడు. మన దగ్గర ప్రతిపక్ష కార్పొరేటర్‌కి ఐదేళ్లూ వాకౌట్ తప్ప పనేముంది?

పాతఫైలు

కొచ్చి అబ్బాయి పాయింట్ పట్టుకున్నాడు. పదిమందికి ఒకరంటే హైదరాబాద్‌లో 150 మంది ఉన్నప్పుడు 15, విశాఖలో 98 మందికి 10. మిగతావాళ్లకు కమిటీ పని దాదాపు లేదు. పైగా ఏటా ఎన్నిక. అజెండా చదవడం వచ్చేసరికి పదవీకాలం అయిపోతుంది.

వార్డు_14

తెలంగాణ సంగతి నేను చెప్తాను. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు: యువత, మహిళలు, సీనియర్ సిటిజన్లు, ప్రముఖులు. ఒక్కోదాంట్లో 15 మంది. అంటే వార్డుకు 60 మంది! వినడానికి పండగలా ఉంది కదా. మా దగ్గర జరిగింది ఏంటంటే, గడువు దగ్గర పడిందని బిల్ కలెక్టర్ ఇంటింటికీ తిరిగి ఆధార్ జిరాక్సులు పట్టుకెళ్లాడు. మా పెద్దమ్మకి తను సీనియర్ సిటిజన్ల కమిటీలో ఉన్నట్టు నేను చెప్పేదాకా తెలియదు.

అయితే సీనియర్ల కమిటీతో ఒక పని మాత్రం అయింది. బడ్జెట్లో 10 శాతం హరిత పద్దు ఉండాలని అదే చట్టంలో ఉంది. మా వార్డులో నాటామని చెప్పిన మొక్కల్ని పొద్దున్నే వాకింగ్‌కి వెళ్లే పెద్దాయనలు లెక్కపెట్టడం మొదలెట్టారు. ఎండిపోయినవి, గుంత మాత్రమే ఉన్నవి, అన్నీ నోట్‌బుక్‌లో. రిటైర్డ్ లెక్కల మాస్టారు ఉన్నారు వాళ్లలో, ఇంక చూస్కోండి. మున్సిపాలిటీ వాళ్లు ట్యాంకర్ పంపడం మొదలుపెట్టారు, ఆయన ఫోన్లు భరించలేక.

లండన్_గోంగూర

ఇంగ్లండ్‌లో మా కౌన్సిల్ ప్లానింగ్ కమిటీని గ్యాలరీలో కూర్చుని చూశాను. మా వీధిలో ఒక పాత పబ్బును పడగొట్టి ఫ్లాట్లు కడతామన్న దరఖాస్తు వచ్చింది. అజెండా మీటింగుకు కనీసం ఐదు పూర్తి పనిదినాల ముందే అందరికీ చూసుకునేలా పెట్టాలి, 1972 స్థానిక ప్రభుత్వ చట్టంలో ఉన్న నియమం. కాబట్టి వీధివాళ్లందరం రిపోర్టు చదివే వెళ్లాం. అభ్యంతరం చెప్పేవాళ్లకు మూడు నిమిషాలు, దరఖాస్తుదారుకు మూడు నిమిషాలు.

నన్ను ఆశ్చర్యపరిచింది వేరే. ఒక కౌన్సిలర్ లేచి, పక్క స్థలంలో తనకు సంబంధం ఉందని చెప్పి ఆ సబ్జెక్టు అయ్యేదాకా గది బయటికి వెళ్లిపోయాడు. ముందే మనసులో నిర్ణయించుకుని వచ్చినవాళ్లు ఓటు వేయకూడదు, ప్లానింగ్ విషయాల్లో పార్టీ విప్ పనిచేయకూడదు. అలాగని ఇది రామరాజ్యం ఏం కాదు. మా ఇంటి కిటికీలోంచి వ్యూ పోతుంది, ఇంటి ధర పడిపోతుంది అని మావాళ్లు గంట సేపు మొత్తుకున్నారు. అవి ప్లానింగ్ కారణాల కిందికి రావని పక్కన పెట్టేశారు. సరైన కారణం లేకుండా తిరస్కరిస్తే అప్పీల్లో ఓడిపోయి ఖర్చులు కూడా కౌన్సిల్ నెత్తిన పడొచ్చని ఆఫీసర్ గుర్తుచేశాడు. చివరికి అనుమతి ఇచ్చేశారు. మా వీధి ఓడింది, కానీ ఎందుకు ఓడిందో కాగితం మీద ఉంది.

చౌరస్తా

అక్కడ గది బయటికి వెళ్తారు, ఇక్కడ బావమరిది పేరు మీద టెండర్ వేస్తారు. కార్పొరేషన్ కాంట్రాక్టులో వాటా ఉంటే పదవి పోతుందని మన చట్టంలోనూ ఉంది, అది వేరే విషయం.

సర్పంచి_పిన్ని

అమ్మాయ్, మీ ఆయన గురించి నువ్వు అడిగిన ప్రశ్నకి ఎవ్వరూ జవాబు చెప్పలేదు, గమనించావా? అందరూ టెండర్ల మీద పడ్డారు. నేను చెప్తా.

మన దగ్గర స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్లవి. కుర్చీల్లో ఎంతమంది కూర్చుంటున్నారో నీకూ తెలుసు. నేను సర్పంచిగా చేసినప్పుడు మా ఆయన్ని అందరూ "సర్పంచి గారూ" అనేవాళ్లు, నన్ను "అమ్మగారూ" అనేవాళ్లు. మా ఆయన మంచివాడే. అయినా మొదటి గ్రామసభకే చెప్పేశాను, మీరు జనంలో కూర్చోండి, ప్రశ్న ఉంటే లేచి అడగండి అని. ఒక్కసారి భర్త ఆ గదిలోకి వస్తే తరువాత అజెండా కూడా ఆయన ఫోన్‌కే వస్తుంది. అధికారులకీ అదే సుఖం. పార్టీవాళ్లకి ఒకటే చెప్పు: కమిటీ మీటింగులో సభ్యులు, అధికారులు తప్ప ఇంకెవరికీ చోటు లేదు, తీసుకొస్తే నేనే రూల్ అడుగుతాను అని. నవ్వుతూ చెప్పు, కానీ చెప్పు.

డివిజన్_అక్క

పిన్నిగారూ, చెప్పేశాను. మా వారే ముందు హాయిగా ఊపిరి పీల్చుకున్నారు, షాపు మూసి రావాల్సిన పని లేదని.

రెండో మీటింగు అయింది. ఏం జరిగిందో చెప్తాను.

అజెండా మూడు రోజుల ముందు ఇవ్వాలని కమిషనర్ గారికి ఉత్తరం రాసి టపాల్ (ఉత్తరాలు తీసుకునే) సెక్షన్లో ముద్ర వేయించుకున్నాను. మూడు రోజులు కాదుగానీ ఒకటిన్నర రోజు ముందు వచ్చింది. డ్రెయిన్ సబ్జెక్టు రాగానే ఎల్-సెక్షన్ అడిగాను. గదిలో ఒక్క క్షణం చప్పుడు లేదు. డీఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్) గారు ఫైలు తిరగేశారు, అందులో లేదు. ఫోన్లో ఫొటోలు చూపించాను, తూము పక్కన మా సెక్రటరీ చేత టేపు పట్టించి తీసినవి. ఎస్ఈ గారు పాపం నిజాయితీగానే "ఇది మళ్లీ చూడాలి" అన్నారు. మేయర్ గారు వాయిదా అన్నారు.

షాపు గదుల దగ్గర ఓడిపోయాను. పెంపు 33.33 వేశారు సరే, కానీ కొన్ని గదులు 25 ఏళ్లు దాటాయని నా అనుమానం. మొదట లీజుకిచ్చిన తేదీలు అడిగితే "రికార్డు వెతకాలి" అన్నారు. మిగతా నలుగురూ ఆమోదం అన్నారు. అందులో ఇద్దరు మా పార్టీవాళ్లే. బయటికి వచ్చాక ఒకాయన "చెల్లెమ్మా, అన్నిటికీ అడ్డం పడితే మీ డివిజన్ పనులు ఆగుతాయి" అన్నారు. మామూలుగానే అన్నారు. ఇంటికొచ్చాక టెన్షన్ మొదలైంది.

టేబుల్ అజెండా మాత్రం ఈసారి రెండు సబ్జెక్టులే. పోయినసారి కట్ట వచ్చింది.

ఏఈ_మౌనం

టేబుల్ అజెండా తగ్గిందంటే సెక్షన్లో మీ గురించి మాట్లాడుకుంటున్నారని అర్థం మేడమ్. ఆ డీఈకి ఇప్పుడు నిద్ర ఉండదు, లెవెల్స్ తీయించాలిగా.

జడ్పీ_బెంచి

పనులు ఆగుతాయన్న మాటకి భయపడొద్దు, అలాగని తేలిగ్గానూ తీసుకోవద్దు. మీ డివిజన్ పనులు ఏవేవి ఏ దశలో ఉన్నాయో ఇప్పుడే ఒక పట్టిక రాసిపెట్టుకోండి. ఆరు నెలల తరువాత ఏది ఆగిందో కనబడుతుంది. అప్పుడు కౌన్సిల్లో ప్రశ్న వేయొచ్చు. మిగతా 49 మందికి కూడా ఇలాంటి బెదిరింపులు వచ్చే ఉంటాయి, మీకు తోడు దొరుకుతారు.

పాతఫైలు

షాపుల మీద మీ అసమ్మతి నోటితో చెప్పారా, రాసిచ్చారా? నోటితో చెప్పింది మినిట్స్‌లోకి, అంటే మీటింగ్ రికార్డులోకి రాదు. ఇవాళే ఒక పేజీ రాయండి: ఫలానా సబ్జెక్టు నంబరు, లీజు మొదటి తేదీలు ఫైల్లో లేవు కనుక నేను ఏకీభవించడం లేదు, ఈ నోట్‌ను మినిట్స్‌తో జతచేయాలి. టపాల్లో ఇచ్చి ఇన్‌వర్డ్ నంబర్ తీసుకోండి. రేపు ఆడిట్ అభ్యంతరం వస్తే ఆ కాగితమే మిమ్మల్ని కాపాడుతుంది.

డ్రెయిన్ విషయంలో ఇంకా సంబరపడకండి. మినిట్స్ కాపీ వచ్చాక తీర్మానం ఎలా రాశారో ఇక్కడ పెట్టండి.

డివిజన్_అక్క

నోట్ ఇచ్చాను, నంబర్ పడింది.

ఇప్పుడే మినిట్స్ వచ్చాయి. డ్రెయిన్ దగ్గర ఇలా ఉంది: "క్షేత్రస్థాయి పరిశీలనకు లోబడి ఆమోదించడమైనది." సార్, వాయిదా అని మేయర్ గారు అన్నది నా చెవులతో విన్నాను!

పాతఫైలు

ఇది పాత విద్యే. "లోబడి ఆమోదం" అంటే వర్క్ ఆర్డర్ ఇచ్చేయొచ్చు. పరిశీలన ఎవరు చేయాలో, ఎప్పటికి చేయాలో అందులో లేదు.

కోపంగా ఫోన్ చేయొద్దు. వచ్చే మీటింగ్‌లో మొదటి సబ్జెక్టే గత మినిట్స్ ధ్రువీకరణ, అందరూ తల ఊపేది దానికే. అక్కడ లేచి, ఈ తీర్మానం వాయిదాగా సవరించాలని అడగండి. ఈలోపు వర్క్ ఆర్డర్ వెళ్లకుండా కమిషనర్ గారికి ఈరోజే ఉత్తరం పెట్టండి, నకలు మేయర్ గారికీ ఎస్ఈ గారికీ. మేయర్ గారిని విడిగా కలిసి "మీరు వాయిదా అన్నారు, కింద ఇలా రాశారు" అని చెప్పండి. మేయర్ గారికి తెలియకుండా జరిగి ఉంటే మీకంటే వారికే ఎక్కువ కోపం వస్తుంది. తెలిసే జరిగి ఉంటే అదీ ఆ గదిలోనే అర్థమైపోతుంది.

ఆ ఫొటోలు తేదీతో సహా ప్రింట్ తీసి ఉత్తరానికి జత చేయండి. టేపు కనబడేలా ఉన్నది పైన పెట్టండి.

చౌరస్తా

అక్కా, ఆ ఉత్తరం నకలు ఆ వీధి పెద్దావిడకి కూడా ఒకటి ఇవ్వండి. పొక్లెయిన్ వచ్చిన రోజు కార్పొరేషన్ ఆఫీసు కంటే ముందు ఆవిడే మీకు ఫోన్ చేస్తుంది.